శుభలేఖల కర్టెను

రాజమండ్రిలో గున్నేశ్వరరావుగారి ఇంట్లో ఏ వస్తువైనా మూడు రోజులు కదలకుండా ఒకేచోట ఉందంటే దాని పని అయిపోయినట్టే. నాలుగో రోజుకల్లా అది ఇంకో వస్తువైపోయేది. ఈ మాట బయటివాళ్లది కాదు, ఆయన తల్లి అన్నపూర్ణమ్మగారిదే. "నేను మధ్యాహ్నం కునుకు కూడా కూర్చునే తీస్తానమ్మా. పడుకుని కదలకుండా ఉన్నానంటే మా కోడలు కత్తెర పట్టుకొచ్చేస్తుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ కోడలే రత్నమాణిక్యం. ఇంట్లో లేమి ఉండి ఆవిడ పాతవాటి మీద పడిందనుకుంటే పొరపాటు. మెయిన్ రోడ్డులో పచారీ కొట్టు, సొంత ఇల్లు, దేనికీ లోటు లేదు. ఆవిడ బాధల్లా ఒకటే. ఎవరైనా ఏదైనా చెత్తలోకి విసిరితే ప్రాణం ఉసూరుమనేది. మాడిపోయిన కరెంటు బల్బులు రామచిలకలయ్యాయి. డాక్టరుగారి కాంపౌండరుని బతిమాలి తెచ్చుకున్న ఇంజెక్షను సీసాలు గుమ్మానికి తోరణమయ్యాయి. టీ పొట్లాల వెండి కాగితంతో నెమలి చేస్తే, అది నెమలని ఎవరూ అనలేదు గానీ కోడని కూడా ఎవరూ అనలేదు. పగిలిన గాజుల ముక్కల్ని దీపం మీద వంచి ఒకదాంట్లో ఒకటి గుచ్చి గొలుసులు చేసేది. ఆ పనిలో వేళ్లు కాలని రోజు లేదు, మానిన రోజూ లేదు.

గున్నేశ్వరరావు నెమ్మదస్తుడు. పెళ్లాం చేసిన ప్రతిదాన్నీ చూసి "బాగుంది" అనేవాడు, తర్వాత ఏమిటని అడిగేవాడు.

ఇంతవరకూ అంతా నవ్వుకునే వ్యవహారమే. నవ్వు రానిదల్లా ఒక్కటుంది. అది మాణిక్యం అక్క రాజరాజేశ్వరి పెళ్లి చీర.

రాజరాజేశ్వరిది పిఠాపురం. ఆరేళ్ల కిందట వేసవిలో చెల్లెలింటికి వచ్చినప్పుడు తన పెళ్లి పట్టుచీర వెంట తెచ్చుకుంది. వంకాయ రంగు మీద బంగారు అంచు. మడతల దగ్గర చిరుగులు పడితే, రాజమండ్రిలో మంచి రఫ్ఫువాడున్నాడని విని తెచ్చింది. ఎండలో వేద్దామని పెరట్లో మంచం మీద పరిచింది. సరిగ్గా ఆ మంచం మీదే అన్నపూర్ణమ్మగారు స్టీలు సామాన్లకి వేయాల్సిన పాత బట్టలు కుప్ప పోశారు. స్టీలు గిన్నెల గంప ఆవిడ వీధి మలుపులో కేక వేసింది. మాణిక్యం పరుగున వచ్చి చూస్తే, చిరుగుల పట్టుచీర గిన్నెలవాళ్ల పాలు కాబోతోంది. అయ్యో అనుకుని దాన్ని లాగి కాపాడింది. అక్కడితో ఆగినా బాగుండేది. అక్క ఎలాగూ వదిలేసుకున్న చీర కదా, ఆశ్చర్యపడేలా ఏదైనా చేద్దామనుకుంది. గది తలుపేసుకుని చీరని బద్దలుగా కోసి, మూడు పాయలుగా జడల్లి, గుండ్రంగా చుట్టి కుట్టి, నడుమ బంగారు అంచు పువ్వులా వచ్చేట్టు కాళ్లు తుడుచుకునే పట్టా చేసింది. మర్నాడు పొద్దున్నే అక్క పడుకున్న గది గుమ్మం ముందు వేసి, పక్కన నిలబడింది.

రాజరాజేశ్వరి తలుపు తీసింది. కాలు పెట్టింది. కిందకి చూసింది.

ఆ రోజు తొమ్మిది గంటల బస్సుకి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే మాణిక్యం బతికిపోయేది. తర్వాత ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఆ పట్టాని వాడలేక, పారెయ్యలేక మాణిక్యం ట్రంకుపెట్టె అడుగున దాచింది. ఇంట్లో ఆవిడ చేసినవాటిలో ఎవరి కంటా పడకుండా ఉన్నది అదొక్కటే.

ఇక కర్టెను సంగతి. కొట్టుకి వచ్చిన ఉత్తరాలూ, బిల్లులూ, శుభలేఖలూ అన్నిట్నీ గున్నేశ్వరరావు గల్లాపెట్టె పక్కన వేలాడే ఇనుపతీగకి గుచ్చేవాడు. బజారులో షావుకార్లందరి పద్ధతీ అదే. పేరున్న కొట్టు కాబట్టి పెళ్లిళ్ల రోజుల్లో ఎవరెవరో ఖాతాదార్లు శుభలేఖలు పంపేవారు. ఆయన వాటిని చదవాలని అనుకుంటూనే గుచ్చేవాడు. తీగ నిండాక శుభలేఖలన్నీ ఊడదీసి ఇంటికి పంపేవాడు. ఇంటి పనిలో ఆయన అందించిన సాయం అదొక్కటే, అదీ కొంప ముంచింది.

మాణిక్యం ఆ శుభలేఖల్ని నాలుగేసి ఒకటిగా పేర్చి, పెద్ద కత్తెరతో అడ్డంగా వేలెడు వెడల్పున బద్దలు కోసి, ఒక్కో బద్దనీ చీపురుపుల్లకి చుట్టి, మైదా జిగురు అంటించి, పుల్ల లాగేసి, వార్నీషు పూసి ఎండబెట్టింది. అలా గొట్టాల్లాంటి పూసలయ్యాయి. వాటిని నైలాను దారానికి గుచ్చి, మధ్యమధ్య గాజు పూసలు వేసి, ముందు గదికీ వసారాకీ మధ్య గుమ్మానికి దింపింది. గాలేస్తే గలగలమనేది. వీధివాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. ఆఖరికి అన్నపూర్ణమ్మగారు కూడా రెండుసార్లు అనవసరంగా అటూ ఇటూ నడిచారు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, వైశాఖమాసం, ఒక శనివారం పొద్దున్న వెంకటరాజు వచ్చాడు. ఉప్పాడ చీరల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగే మనిషి. చీరలు పరుస్తూ అన్నాడు.

"మీ అక్కగారింటి నుంచే వస్తన్నానండి. పెళ్లికొడుకు తల్లంటే మాటలాండి. నాలుగు చీరలు తీసుకున్నారు."

"పెళ్లికొడుకేంటి రాజూ?"

"అదేంటండమ్మా. నాగేశ్వరప్రసాద్ బాబు పెళ్లి వచ్చే వారమే కదండీ. మీకు శుభలేఖ పంపి నెల దాటిందన్నారు. ‘దాని దగ్గర్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు, వస్తుందో రాదో’ అని కళ్లొత్తుకున్నారండి."

మాణిక్యం చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "పెళ్లెక్కడ?"

"ఆడపెళ్లివారి ఊళ్లోనండి."

"ఏ ఊరు?"

"అది శుభలేఖలో ఉంటాది కదండీ" అన్నాడు వెంకటరాజు. మూట కట్టుకుని లేచి, గుమ్మంలో కర్టెను పక్కకి తీస్తూ, "ఈ పూసలు బలేగున్నాయండి, ఏ ఊరు సరుకండీ?" అని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

కర్టెను గలగలమంది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన గున్నేశ్వరరావుకి పీట వేయకుండానే ప్రశ్న పడింది. "మా అక్క దగ్గర్నుంచి శుభలేఖ వచ్చిందా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చిలకపచ్చ అంచు... రెండు ఏనుగులు... పిఠాపురం ముద్ర చూసినట్టే గుర్తు. ఎవరో బెల్లం వ్యాపారి అనుకున్నాను."

"అనుకుని?"

"తీగకి గుచ్చాను."

ఇద్దరూ ఒకేసారి కర్టెను వైపు చూశారు. అన్నపూర్ణమ్మగారు కూడా చూశారు, ఆవిడకి విషయం తెలియకపోయినా.

"దీనికింత కంగారెందుకు? ట్రంకాలు చేద్దాం. వాళ్ల పక్కన బియ్యం మిల్లుకి ఫోనుంది" అన్నాడు గున్నేశ్వరరావు.

"చేసి ఏమని అడుగుతారు? నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖని, పెళ్లి కాకముందే మా ఆవిడ బద్దలు కోసింది, ఊరి పేరు చెప్పండి అనా? మొన్న పెళ్లి చీర, ఇవాళ కొడుకు శుభలేఖ. అక్క ఈ జన్మకి నా మొహం చూడదు."

"అసలు బొట్టు పెట్టి పిలవలేదు కదే. తోడబుట్టిన దానికి పోస్టులో కార్డు పడేస్తే అది పిలుపా? వెళ్లకపోయినా మనల్ని ఎవరూ అనరు" అన్నాడాయన.

ఆ మాటకి మాణిక్యం ఏడ్చేసింది. నాగేశ్వరప్రసాద్‌ని పుట్టినప్పటి నుంచి చంకనేసుకుని తిరిగింది తనే. వాడి పెళ్లికి తను లేకపోతే అక్కాచెల్లెళ్ల ముచ్చట అక్కడితో సరి. అక్క కూడా ఇదే ఆఖరి మెట్టని పంపి ఉంటుంది. పిలుపో, మొక్కుబడో, ఏదైనా సరే వెళ్లి తీరాలి. వెళ్లాలంటే ఊరు తెలియాలి. ఊరు గుమ్మానికి వేలాడుతోంది.

మర్నాడు ఆదివారం, కొట్టుకి సెలవు. పొద్దున్నే కర్టెను దించారు. మాణిక్యం గంగాళంతో వేణ్ణీళ్లు పెట్టింది. అంచు పచ్చగా కనిపించిన పూసలన్నిట్నీ తెంపి నీళ్లలో వేస్తే, వార్నీషు ఉబ్బి, జిగురు కరిగి, బద్దలు ఒక్కొక్కటే విచ్చుకునేవి. అవి తీసి ఎండలో పీటల మీద పరిచేవారు. వచ్చిన చిక్కల్లా, ఆ ఏడు రాజమండ్రిలో ప్రతి మూడో శుభలేఖకీ పచ్చ అంచే.

ఎవరెవరివో పెళ్లిళ్లు బయటపడ్డాయి. అన్నపూర్ణమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో బద్దా చదివేవారు. "ఈ పెళ్లికి వెళ్లాం. పులిహోరలో ఉప్పు లేదు." ఇంకొకటి తీసి, "దీనికీ వెళ్లాం. ఉప్పే ఉంది."

గున్నేశ్వరరావుకి ఒక బద్ద మీద తన పాత ఖాతాదారు పేరు కనిపించింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, "వీళ్లమ్మాయి పెళ్లి ఫాల్గుణంలోనే అయిపోయిందా. అందుకన్నమాట ఆయన మన కొట్టు మెట్టెక్కడం మానేశాడు" అన్నాడు.

"కబుర్లు తర్వాత. ఏనుగులు వెతకండి" అంది మాణిక్యం.

పది గంటలకి ఒక ఏనుగు తల దొరికింది. పదకొండుకి "చి. నాగేశ్వరప్రసాద్" దొరికాడు. మాణిక్యం ఆ తడి కాగితాన్ని కళ్లకద్దుకుంది. తర్వాత "గురువారం ఉదయం" వచ్చింది. ఎంతకీ ఊరు రాదే. అన్నపూర్ణమ్మగారు గోదావరి తల్లికి కొబ్బరికాయ మొక్కుకున్నారు. భోజనాల వేళ దాటాక ఒక బద్ద విచ్చుకుంది: "నరసాపురం, వధువు స్వగృహమునందు." గున్నేశ్వరరావు తువ్వాలు దులుపుకుని లేచాడు. "సరే, అయిపోయింది. ఇంక అన్నం పెట్టు."

మాణిక్యం లేవలేదు. ఆ బద్దని ఆరబెట్టడానికి తిరగేసి వేసింది. వెనక్కాల డాటుపెన్ను గీతలున్నాయి. అక్క దస్తూరీ. నాలుగు కార్డులు కలిపి కోసేటప్పుడు వెనక వైపు చూసే అలవాటు ఆవిడకి లేదు.

అన్నం సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఏనుగుల శుభలేఖ బద్దలన్నీ తిరగేసి, వరసలో పెట్టి, అట్ట మీద అతికించారు. అక్క అట్టే రాయలేదు. బద్దకో వరస చొప్పున పడింది.

"మాణిక్యం,

నువ్వు పెళ్లికి రావాలి.

వచ్చేటప్పుడు మాత్రం"

దాని కింద బద్ద లేదు. మిగిలిన పూసలన్నీ విప్పారు. పచ్చవీ, ఎర్రవీ, పసుపువీ, ఒక్కటి వదలకుండా విప్పారు. కర్టెనంతా ఉత్త నైలాను దారాలుగా మిగిలింది గానీ ఆ ఒక్క బద్దా దొరకలేదు. ఏ పిచ్చుక గూట్లో ఉందో ఇప్పటికీ తెలియదు.

"రావాలి అని రాసింది. అది బొట్టు పెట్టడం కన్నా ఎక్కువే" అన్నాడు గున్నేశ్వరరావు. "కానీ ‘మాత్రం’ ఏంటి? ఏదో తెమ్మంటోంది."

ఆ మాటతో ఇంట్లో ఒక చిత్రం జరిగింది. ఎవరి తప్పు వాళ్లకి గుర్తొచ్చింది.

ముందు అన్నపూర్ణమ్మగారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "కాశీ వెళ్లినప్పుడు మీ అక్క దగ్గర మరచెంబు తీసుకున్నానమ్మాయ్. ఇచ్చేద్దామనే అనుకున్నాను."

"అదెక్కడుంది అత్తయ్యగారూ?"

"వసారాలో. నువ్వే కదా అందులో మనీప్లాంటు వేశావు."

తర్వాత గున్నేశ్వరరావు బయటపడ్డాడు. "చీర గొడవకి ముందెప్పుడో తోడల్లుడిగారి గొడుగు వానలో తెచ్చుకున్నాను. మంచి బెత్తం పిడి. అదెక్కడ పెట్టానో..."

మాణిక్యం గోడకున్న బజారు సంచి చూపించింది. నల్లగుడ్డ సంచి, పట్టుకోవడానికి వంకీ తిరిగిన బెత్తం పిడి. రెండేళ్లుగా ఆయన రోజూ దాంట్లోనే కూరలు తెస్తున్నాడు.

ఇద్దరూ బయటపడ్డారు గానీ మాణిక్యం మాత్రం నోరు విప్పలేదు. అక్క ఏం తెమ్మందో ఆవిడకి అనుమానంగా ఉంది. అది అడిగి ఉంటే చాలునని ఆశ, అడక్కపోతే దాన్ని చూపించి మళ్లీ పుండు రేపినట్టవుతుందని భయం. బుధవారం పొద్దున్న బయల్దేరేటప్పుడు, ఎవరూ చూడకుండా ట్రంకుపెట్టె అడుగు నుంచి పట్టా తీసి, గొడుగు సంచి అడుగున పెట్టి, పైన చీరలు కప్పింది.

నరసాపురం బస్సులో అన్నపూర్ణమ్మగారు మనీప్లాంటు చెంబుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కండక్టరు అటు చూసి, ఆవిడ మొహం చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

మగపెళ్లివారి విడిది ఒక మేడ. మెట్ల మీద రాజరాజేశ్వరి నిలబడి ఉంది. తల కొంచెం నెరిసింది. చెల్లెల్ని చూసింది. చెల్లెలు కూడా చూసింది.

"వచ్చావా" అంది అక్క. "నేను రాసింది తెచ్చావా?"

మాణిక్యం నోరు తెరిచేలోగా అన్నపూర్ణమ్మగారు ముందుకొచ్చారు. "ఇదిగో తల్లీ నీ మరచెంబు. మొక్క బాగా అంటుకుంది. పీకితే చచ్చిపోతుంది, దాంతో సహా ఉంచుకో."

రాజరాజేశ్వరి చెంబు అందుకుంది. ఆవిడకేం అర్థం కాలేదు.

గున్నేశ్వరరావు సంచిలోంచి చీరలు తీసి భార్య చేతిలో పెట్టి, అదే ఊపులో తోడల్లుడు వెంకటరత్నంగారికి సంచి చూపించాడు. "ఇది తమరి గొడుగండి, అన్నయ్యగారూ."

వెంకటరత్నంగారు సంచిని అటూ ఇటూ తిప్పి చూశారు. "పిడి మాత్రం గుర్తుపట్టాను" అన్నారు మర్యాదగా, దాన్ని మాణిక్యం చేతికే తిరిగిస్తూ.

"ఇవన్నీ ఎవరడిగారు?" అంది రాజరాజేశ్వరి. "ఏమే, నువ్వు నా ఉత్తరం చదవలేదా?"

ఇంక దాచడానికేం మిగల్లేదు. మాణిక్యం చీర మడతలోంచి అట్ట తీసింది. దాని మీద ఉబ్బి, రంగు వెలిసి, వంకరటింకరగా అతికిన ఏనుగులు. "చదివాను అక్కా. కత్తిరించాక చదివాను. కర్టెనుకి... చూడకుండా కోసేశాను. కర్టెనంతా విప్పాం. చివరి బద్ద దొరకలేదు."

రాజరాజేశ్వరి ఆ అట్టని చేతుల్లోకి తీసుకుంది. పైనుంచి కిందకి చదివింది. మూలల్లో ఇంకా పసుపు మరకలున్నాయి. మెట్ల మీద చుట్టాలు తొంగి చూస్తున్నారు.

"పసుపు రాసిన శుభలేఖే. పెళ్లి కాకుండానే" అంది.

"అవునక్కా."

"చీరని కూడా ఇలాగే అడక్కుండా కోశావు."

"అవునక్కా."

"అయితే ఏం తెమ్మన్నానో తెలియకుండానే వచ్చావా?"

"తెలీదు. అందుకే అన్నీ తెచ్చాం. ఇది కూడా తెచ్చాను" అని మాణిక్యం గొడుగు సంచి అడుగున చెయ్యి పెట్టి పట్టా తీసింది. "ఇది కాకపోతే క్షమించు."

గుండ్రటి పట్టా, వంకాయ రంగు జడలు, నడుమ బంగారు పువ్వు. ఆరేళ్లు కర్పూరం బిళ్లల మధ్య ఉండి ఎలా కుట్టిందో అలాగే ఉంది. రాజరాజేశ్వరి దాని మీద చెయ్యి వేసి నిమిరింది.

"తొక్కారా దీన్ని?"

"తొక్కింది నువ్వొక్కదానివే. అదీ ఒక్కసారి."

రాజరాజేశ్వరి ఆపుకోలేక ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "చీర పోయిందని ఆరేళ్లు కోపగించుకుని కూర్చున్నానే. తీరా పిల్లాడి పెళ్లి కుదిరితే, చీర గుర్తు రాలేదు, నువ్వే గుర్తొచ్చావు. దీన్నే తెమ్మన్నాను. ఇంకేం అడుగుతాను?"

మర్నాడు పీటల మీద కూర్చునేముందు రాజరాజేశ్వరి ఆ పట్టాని తెచ్చి, పెళ్లికొడుకు పీట మీద పరిచింది. పురోహితుడు చూసి నొసలు ముడిచాడు. "అమ్మా, ఇది కాళ్లు తుడుచుకునేదిలా ఉంది కదండీ."

"నా పెళ్లినాటి పట్టుచీరండి" అంది రాజరాజేశ్వరి. "మా చెల్లెలు చేసింది."

పట్టు అనేసరికి పురోహితుడు మెత్తబడ్డాడు. పట్టుకి మైలేంటని తనే నలుగురికీ చెప్పి, అక్షతలు చల్లి పని మొదలుపెట్టాడు. మా చెల్లెలు చేసింది అన్న మాట మాత్రం మాణిక్యం చెవిలో మంగళవాయిద్యాల్ని మించి మోగింది. పీట పక్కన నిలబడి ఆవిడ తాళి కట్టడం చూడలేకపోయింది, కళ్లు నిండిపోయి. పక్కనున్న అన్నపూర్ణమ్మగారు చీర కొంగు అందించారు. అది కోడలి కొంగే.

శుక్రవారం బస్సెక్కే ముందు రాజరాజేశ్వరి గబగబా విడిది లోపలికి వెళ్లి ఒక కట్ట తెచ్చింది. పంచగా మిగిలిన శుభలేఖలు. చిలకపచ్చ అంచు, రెండేసి ఏనుగులు, ఎక్కడా నలగలేదు. వాటిని చెల్లెలి గొడుగు సంచిలో పెట్టి, నుదుట బొట్టు పెట్టి అంది.

"పెళ్లయిపోయింది. ఇంక కోసుకో."